ముందు మన కారు కిందికి దించుదాం

రెండేళ్ళ కిందట వినాయక చవితికి మా ఇంటికి పది పన్నెండు కుటుంబాలు వచ్చాయి. రెడింగ్ లో మాది సన్నటి వీధి. రెండు వైపులా గోడకి గోడ ఆనుకుని ఇళ్ళు. ఎవరికీ విడిగా కారు పెట్టుకునే చోటు లేదు, అందరూ వీధిలోనే పెట్టుకోవాలి. రోడ్డు మీద పెడితే పోయేవాళ్ళు అద్దం గుద్దేస్తారేమోనని, నేను ఎప్పట్లాగే రెండు చక్రాలు పేవ్‌మెంట్ మీదికి ఎక్కించి పెట్టాను. తర్వాత వచ్చిన వాళ్ళందరూ నా కారుని చూసి అలాగే పెట్టారు.

పూజ అయింది. ఉండ్రాళ్ళు, పులిహోర వడ్డిస్తుంటే తలుపు చప్పుడైంది. నాలుగిళ్ళ అవతల ఉండే పెద్దాయన. "ఆ వెండి రంగు కారు ఎవరిదో కాస్త తీయిస్తారా? మా ఆవిడ ఇంటికి రాలేకపోతోంది" అన్నాడు, ఎంతో మర్యాదగా. ఆ వెండి రంగు కారు నాదే.

బయట తుంపర పడుతోంది. ఆవిడ ఎలక్ట్రిక్ వీల్‌చెయిర్ లో, నా కారుకీ పక్కింటి గోడకీ మధ్య ఉన్న జానెడు సందు ముందు ఆగిపోయి ఉంది. పేవ్‌మెంట్ దిగాలంటే ఆ కుర్చీకి అంచు వాలుగా చేసిన చోటు కావాలి. అది వీధి మొదట్లో ఉంది. అక్కడిదాకా వెనక్కి వెళ్ళి దిగినా, రోడ్డు మధ్యలో, ఎదురొచ్చే బళ్ళకి ఎదురెళ్ళాలి. "సారీ అండీ, కాసేపే కదా అని..." అని నసిగాను. ఆవిడ నవ్వేసి, "నేనిక్కడ ఇరవై నిమిషాల నుంచీ ఉన్నాను" అంది. తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి. నవ్వింది కాబట్టి ఇంకా గుర్తుంది.

మిత్రులారా, ఇది చదివి "ఇంత చిన్న విషయం మీద ఇంత వ్యాసమా, మనకి వీసాలు లేవా, రాష్ట్రాల సమస్యలు లేవా" అనేవాళ్ళు ఉంటారని తెలుసు. నేనూ ఆ మాట అనేవాణ్ణే. కానీ వీధి అనేది అందరిదీ. అందులో ఎవరి వాటా ఎంత, ఎవరు పక్కకి తప్పుకోవాలి అన్నది అచ్చంగా రాజకీయమే.

ఇక్కడి చట్టం సంగతి చూడండి. లండన్ లో 1974 నుంచీ పేవ్‌మెంట్ మీద కారు పెట్టడం నిషేధం. ఒక్క చక్రం ఎక్కినా తప్పే. కౌన్సిల్ ప్రత్యేకంగా బోర్డు పెట్టి అనుమతించిన వీధుల్లో తప్ప కుదరదు. లండన్ దాటిన ఇంగ్లండ్ కి మాత్రం అర్ధ శతాబ్దం గడిచినా అలాంటి నిషేధం రాలేదు. 1835 నాటి హైవేస్ చట్టం ప్రకారం పేవ్‌మెంట్ మీద బండి నడపడం నేరం. నడపడం నేరమే గానీ, అక్కడ నిలిపి ఉంచడం దానికదే నేరం కాదు. మరి ఆ కారు అక్కడికి ఎలా వచ్చినట్టు? ఆకాశం నుంచి ఊడిపడిందా? నడుపుతుండగా ఎవరైనా చూడాలి, లేదా దారికి అడ్డమని పోలీసులు తేల్చాలి. 2020లో ప్రభుత్వం దీని మీద ప్రజల అభిప్రాయాలు సేకరించింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి తేల్చలేదు.

స్కాట్లండ్ వాళ్ళు నయం. 2019లో చట్టం చేసి, 2023 డిసెంబరు నుంచి అమల్లో పెట్టారు. జరిమానా 100 పౌండ్లు, రెండు వారాల్లో కడితే 50. 2024 జనవరిలో ఎడిన్‌బరో నగరం అందరికన్నా ముందు అమలు మొదలుపెట్టింది. కొంపలేం మునిగిపోలేదు. జనం కార్లు కిందికి దించుకున్నారు.

సైకిల్ లేన్ లది మరో తమాషా. అడ్డులేని తెల్లగీత ఉంటే అది సైకిళ్ళకే, కారు అందులోకి రాకూడదు. గీత ముక్కలు ముక్కలుగా ఉంటే "వీలైతే రాకండి" అని మనవి మాత్రమే. లండన్ బయట కౌన్సిళ్ళకి నిండుగీత లేన్ లలో ఆగిన కార్లకి కెమెరాతో జరిమానా వేసే అధికారం 2020 జూన్ లో గానీ రాలేదు. ముక్కల గీత మీద మాత్రం, వేరే ఆంక్షలు లేకపోతే, మన మంచితనమే దిక్కు.

ఆ మంచితనం ఎంతో చూడాలంటే ఆదివారం ఉదయం మా ఊళ్ళో తెలుగు బడి జరిగే హాలు దగ్గరికి రండి. పిల్లల్ని దింపడానికి వచ్చిన కార్లన్నీ సైకిల్ లేన్ లోనే. పదమూడేళ్ళ మా అమ్మాయి అక్కడికి సైకిల్ మీద వస్తుంది. లేన్ లో కారు ఆగి ఉంటే, వెనక్కి తిరిగి చూసుకుని, చెయ్యి చూపించి, బస్సుల మధ్యకి రావాలి. అదే క్షణంలో ఆగి ఉన్న కారు తలుపు తెరిస్తే ఇక చెప్పక్కర్లేదు. ఒకరోజు బడి నుంచి వచ్చి, "నాన్నా, ఇవాళ అడ్డంగా ఉన్నది మన అంకుల్ కారే. నన్ను చూసి చెయ్యి ఊపాడు కూడా" అంది. ఆ అంకుల్ చెడ్డవాడు కాదు. మా అమ్మాయికి ఏదైనా అయితే అందరికన్నా ముందు ఆసుపత్రికి పరిగెత్తేది ఆయనే. తన కారుకీ, ఆ పిల్ల ప్రమాదానికీ ఉన్న లంకె మాత్రం ఆయనకి కనపడదు. రెండేళ్ళ కిందట నాకూ కనపడలేదు.

మనం చెప్పుకునే సాకులు మూడున్నాయి.

మొదటిది, "ఐదు నిమిషాలే". మీ ఐదు నిమిషాలు అయ్యేసరికి ఇంకొకరి ఐదు నిమిషాలు మొదలవుతాయి. నడిచేవాళ్ళకి దారి రోజంతా మూసే ఉంటుంది.

రెండోది, "రోడ్డు ఇరుకు, పూర్తిగా కింద పెడితే అంబులెన్స్ పోదు". ఇందులో కొంత నిజం ఉంది, కాదనను. నేనూ ఇదే చెప్పేవాణ్ణి. అయితే అంత ఇరుకైన వీధిలో రెండు వైపులా కార్లు పట్టవని అర్థం. ఒక వైపు పెట్టుకుని, మిగతా వాళ్ళం పక్క వీధిలో పెట్టి నడవాలి. ఆ కష్టం కాళ్ళున్న మనం పడాలా, కుర్చీలో ఉన్న ఆవిడ పడాలా?

మూడోది, "అందరూ చేస్తున్నారుగా". దీనికి జవాబు మా అమ్మ చెప్పింది. ఆర్నెల్లు ఉండి వెళ్దామని విజయవాడ నుంచి వచ్చింది. మనవణ్ణి తోపుడు బండిలో కూర్చోబెట్టి పార్కుకి తీసుకెళ్ళి, తిరిగొచ్చి అడిగింది: "ఏరా, మన ఏలూరు రోడ్డులో మోటారు సైకిళ్ళకి దడిసి రోడ్డు మీద నడవడం నాకు అలవాటే. ఇక్కడ కూడా అంతేనా? మరి ఇంత దూరం వచ్చి మీరు నేర్చుకుందేవిటి?"

నేర్చుకుందేవిటి అన్న ప్రశ్న నన్ను మన ఊళ్ళ వైపు లాక్కెళ్ళింది.

మనలో ఎంతమందిమి అమీర్‌పేట మైత్రివనం దగ్గర కోర్సులు నేర్చుకుని ఈ దేశాలకి వచ్చాం? ఫుట్‌పాత్ మీద బండి దగ్గర నిలబడి ఇడ్లీ తిని, పక్క బండి మీద జిరాక్స్ నోట్సు కొనుక్కుని క్లాసుకి పోయినవాళ్ళం. ఇప్పుడు సెలవలకి వెళ్ళినప్పుడు కారులో కూర్చుని, "ఛీ, ఈ బళ్ళవాళ్ళ వల్లే ట్రాఫిక్" అంటాం. ఫుట్‌పాత్ ఖాళీ చేయించాలని ఎప్పుడు డ్రైవ్ పెట్టినా ముందు లేచేది ఆ ఇడ్లీ బండే. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం సర్వే పూర్తయ్యేదాకా వాళ్ళని కదల్చకూడదంటుంది. ఆ చట్టం ఎవరికి గుర్తుంటుంది? అదే ఫుట్‌పాత్ మీద అపార్ట్‌మెంట్ ముందు, షోరూం ముందు, ఫంక్షన్ హాలు ముందు ఎక్కించిన కార్ల జోలికి ఎవరూ రారు. ఫుట్‌పాత్ మీద కారు పెట్టకూడదన్న నిబంధన 1989 నుంచీ మన దేశంలో ఉంది. 2017లో వచ్చిన కొత్త డ్రైవింగ్ నిబంధనల్లో సైకిల్ ట్రాక్ ని కూడా చేర్చారు. నిబంధనలకి లోటు లేదు. బండివాడికి ఒక న్యాయం, కారువాడికి ఒక న్యాయం అయిపోయింది, అంతే.

2025 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఆటంకం లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికే వస్తుందని. జీవించే హక్కులో భాగమన్నమాట. పాదచారుల భద్రతకి మార్గదర్శకాలు పెట్టాలని రాష్ట్రాలకి ఆదేశాలు కూడా ఇచ్చింది.

హైదరాబాద్ లో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట సోలార్ కప్పు వేసి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టారు. ఫొటోలు చూసి మనమంతా గర్వంగా ఒకరికొకరం పంపుకున్నాం. మంచిదే. కానీ తెల్లవారుజామున పేపరు వేసే కుర్రాడు, వాచ్‌మన్, పనికి పోయే మేస్త్రీ సైకిల్ తొక్కేది ఔటర్ మీద కాదు, బస్తీ నుంచి కాలనీకి. వాళ్ళ దారిలో ట్రాకూ లేదు, ఫుట్‌పాత్ కూడా మన కార్ల కిందే ఉంది.

"మరి కార్లు ఎక్కడ పెట్టుకోవాలి?" అని అడుగుతారు. జపాన్ వాళ్ళు దీనికి 1962లోనే జవాబు చెప్పారు. కారు పెట్టుకునే చోటు చూపించాకే కారు. చోటు లేకుండా కారు కొని, ఆ చోటుని నడిచేవాళ్ళ దగ్గర ఉచితంగా లాక్కోవడం హక్కెలా అవుతుంది? మన అన్నదమ్ములకి కార్లు కొనిపెట్టిన డాలర్లు, పౌండ్లు మనవే కాబట్టి ఇందులో మన పాత్ర కూడా ఉంది.

అందుకని నా ప్రతిపాదనలు ఇవి.

ఒకటి, మన సంఘాల పండగలకి, పిక్నిక్ లకి పంపే ఆహ్వానంలో వంటకాల జాబితాతో పాటు కారు ఎక్కడ పెట్టాలో కూడా రాయాలి. తెలుగు బడి దగ్గర ప్రతి ఆదివారం ఇద్దరు పెద్దవాళ్ళం వంతులు వేసుకుని సైకిల్ లేన్ ముందు నిలబడాలి. మా ఊళ్ళో నేను మొదలుపెడతాను.

రెండు, ఈ దేశంలో చట్టబద్ధంగా ఉంటున్న భారత పౌరులకి, కామన్వెల్త్ పౌరులుగా, వీసా మీద ఉన్నా ఓటు హక్కు ఉంది. చాలామందిమి పేరు కూడా నమోదు చేసుకోలేదు. చేసుకుని, వీధి గురించి మన కౌన్సిలర్ ని అడగాలి. ఓట్లు లేనివాళ్ళ మాట ఎవరు వింటారు?

మూడు, తెలుగు రాష్ట్రాల నుంచి మంత్రులు వచ్చినప్పుడు శాలువా కప్పి, ఫొటో దిగి, నేరుగా విమానాలు కావాలని మెమోరాండం ఇస్తాం. ఈసారి దాంట్లో ఇంకో పేరా రాద్దాం. సుప్రీంకోర్టు చెప్పిన ఫుట్‌పాత్ లు ఎంతవరకు వచ్చాయి, ఇడ్లీ బండికి వర్తించిన చట్టం కారుకి ఎప్పుడు వర్తిస్తుంది అని అడుగుదాం. అడిగే ముందు మన కారు ఎక్కడుందో చూసుకోవాలి. లేకపోతే ఆ కాగితానికి విలువ ఉండదు.

ఇప్పుడు నా కారు పక్క వీధిలో ఉంటుంది. నాలుగు నిమిషాల నడక. వానొస్తే విసుగే. ఒకసారి ఎవరో అద్దం గుద్దేసి పోయారు కూడా, బాగు చేయించుకోవడానికి డబ్బు వదిలింది. పోయిన చవితికి మాత్రం ఆ పెద్దాయన, ఆవిడ ఇద్దరూ మా ఇంటికి ప్రసాదానికి వచ్చారు. గుమ్మం దాకా ఆవిడ కుర్చీ ఎక్కడా ఆగకుండా వచ్చింది. మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "ఇన్నాళ్ళకి ఒకటి నేర్చుకున్నావన్నమాట" అంది.