నంబరు బిల్లు కోసమా, ప్రచారం కోసమా?

అబిడ్స్‌లో చీర కొన్నా, నాంపల్లిలో చెప్పులు కొన్నా కౌంటర్ దగ్గర డబ్బు కంటే ముందు అడిగేది ఒకటే. "మేడమ్, ఫోన్ నంబర్ చెప్పండి!" వెనక నలుగురు నిలబడి ఉంటారు. వాదన ఎందుకులే అని పది అంకెలూ గబగబా చెప్పేస్తాం. ఇక పండగ తగ్గింపులంటూ, లోన్లంటూ మెసేజీలు మొదలు. అదే అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మే అతను డబ్బు తీసుకుని పుస్తకం చేతిలో పెడతాడు. అమ్మకానికి నంబరు అక్కర్లేదనడానికి వేరే రుజువెందుకు?

ఇది చిన్న చికాకే అని కొట్టిపారేయలేం. గట్టిగా చెప్పిన నంబరు పక్కవాళ్ల చెవినా పడుతుంది. దాని వెంట వాట్సాప్‌లో మన ఫోటో కూడా కనిపించవచ్చు. వేళకాని వేళ ఫోన్ మోగితే ఇంట్లో సంజాయిషీ చెప్పుకోవాల్సిందీ మనమే.

2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సరిగ్గా ఈ సంగతే మాట్లాడుతుంది. విశేషమేమిటంటే, ఇందులో పౌరుల్ని 'అతడు' అనలేదు, 'ఆమె' అన్నారు. మందుల షాపు ఉదాహరణ కూడా ఇచ్చారు. రసీదు ఫోన్‌కి పంపమని ఒకామె నంబరిస్తే, షాపు దాన్ని రసీదు పంపడానికి వాడుకోవచ్చు. ప్రచారానికి విడిగా అడగాలి. సమ్మతి స్వేచ్ఛగా, షరతుల్లేకుండా, స్పష్టంగా ఉండాలి. కావాలంటే ఆ విన్నపం తెలుగులోనే చదువుకునే వీలుండాలి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోగలగాలి.

మరి చిక్కెక్కడుంది? నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. సమ్మతి భాగానికి 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే నెలకిగానీ అమలు కాదు.

అందాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. నంబరివ్వాలని పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేలోనే దుకాణదారులకు సూచించింది. నమ్మకంతో ఇచ్చిన వివరాన్ని ఇంకొకరికి చేరవేయడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. రుజువు చూపడం కష్టమే గానీ, సలహాకీ ఫిర్యాదుకీ 1915 నంబరుంది. ప్రచార మెసేజీలన్నీ ఆపాలంటే 1909కి ఫోన్ చేసి నమోదు చేసుకోవచ్చు. ఆ తర్వాతా వస్తే 7 రోజుల్లోగా అక్కడే ఫిర్యాదు చేయాలి.

రెండు జాగ్రత్తలు. నమోదు చేసుకున్నా, ఒక దుకాణానికి మీరే విడిగా ఒప్పుకుంటే దాని మెసేజీలు ఆగవు. కనుక కౌంటర్ దగ్గర ఓటీపీ వస్తే దేనికో చదివాకే చెప్పండి. 1909 కాపలా వాట్సాప్‌కి వర్తించదు, అక్కడ మనమే బ్లాక్ చేయాలి.

నంబరడిగే అమ్మాయి మీద కోపం తెచ్చుకోకండి. అది ఆమెకి యజమాని పెట్టిన పని. "దేనికమ్మా?" అని నవ్వుతూనే అడగండి. "బిల్లు కాగితం మీద ఇచ్చెయ్, నంబరొద్దు" అనండి. వెనక నిలబడ్డ నలుగురికీ అడగవచ్చని తెలుస్తుంది. చట్టం అమల్లోకి వచ్చేనాటికి ఆ మాట అలవాటైపోతే, దాని సగం పని మనమే చేసినట్టు.