మన పేర్ల తాళం ఎవరి చేతిలో?

అనంతపురంలో మా కార్యాలయం వెనక గదిలో ఒక పాత కంప్యూటర్ ఉంది. ఎర్రమన్ను దుమ్ము పడకుండా దాని మీద పాత చీర ముక్క కప్పి ఉంచుతాం. పదిహేనేళ్లుగా మా దగ్గరికి వచ్చిన స్త్రీల వివరాలన్నీ అందులోనే దాచాం. భర్త కొడితే పుట్టింటికీ పోలేక వచ్చినవాళ్లు, అప్పుల బాధతో రైతు ఆత్మహత్య చేసుకుంటే పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన భార్యలు, పని ఇప్పిస్తామని దూరపు నగరాలకు తీసుకుపోయి అమ్మేస్తే తప్పించుకుని తిరిగొచ్చిన ఆడపిల్లలు. కరువు ఈ నేల మీద ఆడవాళ్ల బతుకుల్ని ఎన్ని రకాలుగా నలిపిందో చెప్పే చరిత్ర అది.

పోయిన వేసవిలో కరెంటు వస్తూ పోతూ ఉండగా ఆ యంత్రం ఆగిపోయింది. మేం చివరిసారి కాపీ తీసుకుని ఎనిమిది నెలలయింది. ఆ ఎనిమిది నెలల వివరాలు ఇక దక్కలేదు. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒక స్త్రీ తన కథంతా మళ్లీ మొదటినుంచి చెప్పవలసి వచ్చింది. ఒకసారి చెప్పడమే నరకం. మా నిర్లక్ష్యం ఆమెను రెండోసారి అందులోకి నెట్టింది. తప్పు యంత్రానిది కాదు, మాది.

అందుకే ఈ డేటాబేస్‌ను క్లౌడ్‌కు మార్చాలన్న ఆలోచన వచ్చింది. క్లౌడ్ అంటే మబ్బు. వాన మబ్బు కోసం ఆకాశం వైపు చూసే జిల్లాలో ఈ మాట వింటే నవ్వొస్తుంది. కానీ ఇది మబ్బూ కాదు, మాయా కాదు. ఎక్కడో ఒక కంపెనీ భవనంలో ఉన్న, మనం అద్దె కట్టి వాడుకునే కంప్యూటర్. యాక్సెస్ లాంటి పాత డెస్క్‌టాప్ ప్రోగ్రాములు ఒక ఆఫీసు గోడల మధ్య పనిచేయడానికి తయారైనవి. ఆ ఫైలును బలహీనమైన ఇంటర్నెట్ మీదుగా నలుగురూ తెరిస్తే చెడిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ప్రోగ్రామునూ ఫైలునూ కలిపి ఆ దూరపు కంప్యూటర్లోనే పెడతారు. కార్యకర్తలు తమ ఊరి నుంచి దానిలోకి ప్రవేశించి పనిచేస్తారు. ఇక్కడికి వచ్చేది దాని తెర మాత్రమే, ఫైలు అక్కడే ఉంటుంది.

దీనివల్ల లాభం చిన్నది కాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండయింది. కదిరి, మడకశిర, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. ఒకే స్త్రీ కాగితాలు కొన్ని అనంతపురంలో, కొన్ని పుట్టపర్తిలో ఉంటున్నాయి. 2004లో వచ్చిన జీవో 421 నాటి నుంచీ రైతు ఆత్మహత్యల పరిహారం కేసుల్లో మేం చూస్తున్నది ఒకటే. పొలం కౌలుది కనుక చనిపోయినవాడు రైతే కాదంటారు. ఏ తేదీన ఎవరికి అర్జీ ఇచ్చామో అప్పటికప్పుడు చూపగలిగితేనే ఆమె మాట నిలుస్తుంది. కదిరిలో కూర్చున్న కార్యకర్త ఆ కాగితం కోసం ఒక రోజు కూలి పోగొట్టుకుని అనంతపురం రానవసరం లేకపోవడం కూడా హక్కులకు సంబంధించిన విషయమే.

అయితే ఈ సంగతి మా సమావేశంలో చెబుతుంటే, తిరిగొచ్చిన ఆడపిల్లల్లో ఒకామె అడిగింది: "నా పేరు యాడికి పోతాదక్కా? మా ఊరోళ్లు ఎవురన్నా చూస్తారా?" సోషియాలజీలో పట్టా ఉన్న నా దగ్గర ఆ నిమిషాన జవాబు లేదు.

ఆమె భయం అజ్ఞానం కాదు. ఈ ప్రాంతపు అనుభవమే అలాంటిది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ తర్వాత సామాజిక తనిఖీల్లో ఎవరికి ఎన్ని రోజుల పని, ఎంత కూలి అన్నది కంప్యూటర్ నుంచి తీసి ఊరందరి ముందు చదివారు. దొంగ మస్టర్లు బయటపడ్డాయి. 2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో పార్లమెంటు మరొకటి తెచ్చినా, లెక్కలు ప్రజల ముందు పెట్టాలన్న ఆ పాఠం పోదు. కానీ అదే పథకానికి మరో ముఖం కూడా చూశాం. 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటికి కనిపిస్తున్నాయని అది చెప్పింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: ఉపాధి హామీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఇంకొకటి.

ఇక్కడే మనకు స్పష్టత కావాలి. అధికారం ఉన్నవాడి లెక్క బహిరంగం కావాలి. అధికారం లేని స్త్రీ గాయం ఆమె అనుమతి లేకుండా బయటికి రాకూడదు. పితృస్వామ్యం ఈ రెంటినీ తలకిందులు చేస్తుంది. కాంట్రాక్టరు బిల్లు రహస్యంగా ఉంటుంది, ఆడదాని బతుకు రచ్చబండ మీద ఉంటుంది. మన డేటాబేస్ కూడా తెలియకుండానే ఆ పని చేయగలదు.

చట్టం కొంత అండగా ఉంది. అత్యాచార బాధితురాలి గుర్తింపు వెల్లడించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 ప్రకారం నేరం. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలవుతాయి. సమాచారం ఎందుకు తీసుకుంటున్నామో చెప్పి సమ్మతి పొందాలని, ఆ సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు ఆ మనిషికి ఉందని ఆ చట్టం అంటుంది. ఈ బాధ్యత కంపెనీలదే కాదు, మన సంస్థలది కూడా.

కానీ చాలా సంస్థల్లో నేను చూస్తున్నదేమిటి? ఆఫీసంతటికీ ఒకటే పాస్‌వర్డ్, అదీ గోడ మీద రాసి ఉంటుంది. ఖాతా కంప్యూటర్ చూసే అబ్బాయి సొంత పేరు మీద ఉంటుంది. అతను ఉద్యోగం మానేస్తే సంస్థ తన ఇంటికే తాళం చెవి లేని అద్దెదారు అవుతుంది. నిధులిచ్చేవాళ్లు అడిగితే పేర్లతో సహా పట్టిక పంపేస్తారు. డెస్క్‌టాప్‌లో ఉన్నప్పుడు ఈ అలవాట్ల నష్టం ఒక గదికి పరిమితం. క్లౌడ్‌లో ఆ గదికి వంద తలుపులు.

అందుకే మారేముందు మేం కొన్ని నిర్ణయాలు చేసుకున్నాం. పేర్లూ ఊళ్లూ ఒక చోట, కేసు వివరాలు మరో చోట ఉంటాయి. రెంటినీ కలిపేది ఒక సంఖ్య మాత్రమే. ఒక్కొక్క కార్యకర్తకూ వేరే పాస్‌వర్డ్, దానితోపాటు ఫోనుకు వచ్చే రెండో తనిఖీ. ఎవరు ఏ రోజు ఏ కేసు తెరిచారో నమోదవుతుంది. ఖాతా సంస్థ పేరు మీదే, తాళం ఇద్దరు స్త్రీల దగ్గర. వారానికొకసారి కాపీ తీసి, సంకేత భాషలో భద్రపరిచి, బీరువాలో పెడతాం. నిధులిచ్చేవాళ్లకు అంకెలు ఇస్తాం, పేర్లు ఇవ్వం. అన్నిటికంటే ముందు, సంతకం పెట్టించుకోవడంతో సరిపెట్టకుండా, ప్రతి స్త్రీకీ ఆమె భాషలో కూర్చోబెట్టి చెప్పి అడుగుతాం. వద్దంటే ఆమె పేరు ఎక్కించం.

ఆ అమ్మాయి వద్దంది. ఆమె వివరాలు కాగితం మీదే, బీరువాలోనే ఉన్నాయి. మాకు అది అసౌకర్యమే. అయినా ఆమె కాదనగలిగింది, మేం విన్నాం. ఆమె పేరును ఒకప్పుడు ఎవరో అమ్ముకున్నారు. ఇప్పుడది ఎక్కడ ఉండాలో ఆమే నిర్ణయించింది.

మీ సంస్థల్లో ఈ వివరాలు ఎక్కడున్నాయి? తాళం ఎవరి దగ్గరుంది? ఆ స్త్రీలను ఎవరైనా అడిగారా? వచ్చే సంచికలో చర్చిద్దాం. రాయండి.