ఇద్దరి పడవ

మా కణేకల్లులో గాలికి ఎన్నడూ కరువు లేదు. ఆషాఢం వచ్చిందంటే హగరి ఇసుకను లేపి పొలాల మీదా, విస్తట్లో అన్నం మీదా పక్షపాతం లేకుండా చల్లిపోతుంది. వానను మాత్రం వెంట తీసుకురాదు. జిల్లాలో ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ పడవలసినప్పుడు పడదు. చెరువు పెద్దదే, హెచ్చెల్సీ కాలువా వుంది. కాని ఆ నీళ్ళను చూస్తే మాకు వరిమడి గుర్తుకు వస్తుంది గాని, పందెం గుర్తుకు రాదు. ఇటువంటి వూరివాడు తెరచాప పడవల గురించి రాయడమేమిటని మీరు నవ్వవచ్చు. నవ్వండి. మా అమ్మ కూడా ముందు నవ్వింది, తరువాత ఏడ్చింది.

సంగతేమంటే, హైదరాబాదులో వున్న మా చెల్లెలి కూతురు హుస్సేన్ సాగర్ మీద పడవ పందేలకు పోతున్నది. పదహారేళ్ళ పిల్ల. ఆ పడవలో వుండేది ఇద్దరే. రెండోవాడు మొగపిల్లవాడు. మా అమ్మ ఏడ్చింది నీళ్ళకు భయపడి కాదు.

"ఏందప్పా ఇది? నడిచెరువులో మొగపిల్లోనితో ఒంటిగానా? అడిగేవాళ్ళు ఎవరూ లేరా ఆ వూళ్ళో?" అన్నది.

నేను పాఠం చెప్పే ధోరణిలో మొదలుపెట్టాను. "470 అనే పడవ ఒకటుందమ్మా. పొడుగు 4 మీటర్ల 70 సెంటీమీటర్లు గనుక ఆ పేరు. 1976 నుంచీ ఒలింపిక్సులో వుంది. 2024లో, పారిస్ పోటీలనాటికి, ఒక ఆడా ఒక మగా కలిసి నడపవలసిందేనని మార్చారు. హైదరాబాదు అమ్మాయి కొంగర ప్రీతి, సుధాంశు శేఖర్ తో కలిసి 2023లో హాంగ్జౌ ఏషియన్ క్రీడలలో నడిపింది ఆ పడవనే."

"ఆ యమ్మి వాళ్ళవ్వ ఒప్పుకున్నదా?" అన్నది మా అమ్మ.

దీనికి నా ఎమ్మేలో జవాబు లేదు. జూలైలో నేనే వెళ్ళి కళ్ళారా చూసి వస్తానన్నాను.

వీళ్ళది 420; దానికన్నా అర మీటరు పొట్టి. ఒకరు వెనక కూర్చుని చుక్కానీ, పెద్ద తెరచాప తాడూ పట్టుకుంటారు. మా పిల్లది రెండో పని. ముందున్న చిన్న తెరచాప ఆమెది. గాలి వాటంగా వీచేటప్పుడు బుడగలా విప్పే మూడో చాపా ఆమెదే. గాలి హెచ్చినప్పుడు పడవ ఒక పక్కకు ఒరుగుతుంది గదా. అప్పుడు కొయ్య పైనుంచి వేలాడే తీగకు నడుం దగ్గరి కొక్కెం తగిలించుకుని, పడవ అంచు మీద పాదాలు ఆనించి, ఒళ్ళంతా నీటి మీదికి చాపి నిలబడాలి. గాలి తగ్గిందా, తక్షణం లోపలికి రావాలి. రాకపోతే ఆమె బరువుకే పడవ ఇటు ఒరిగి వీపు నీళ్ళలో మునుగుతుంది. హుస్సేన్ సాగర్ గాలి నిలకడ లేనిది. చుట్టూ మేడలు, నడుమ 1992లో నిలబెట్టిన బుద్ధ విగ్రహం. వాటిని తప్పించుకుని ఒక్కొక్క పాయ ఒక్కొక్క దిక్కు నుంచి వస్తుంది.

గాలికి ఎదురుగా పడవ తిన్నగా పోదు. కొండ ఎక్కే బండిలాగా ఇటు కొంతా, అటు కొంతా ఏటవాలుగా పోవాలి. దిక్కు మార్చిన ప్రతిసారీ ఇద్దరూ తెరచాప దూలం కిందుగా వంగి అవతలి పక్కకు దాటాలి. "రెడీ?" అంటాడు వాడు. "రెడీ" అంటుంది ఇది. అంతే సంభాషణ. ఆ ఒక్క మలుపును గట్టు మీద బండిలో వున్న పడవ ఎక్కి వందసార్లు చేయిస్తారు. పడవను కావాలని బోర్లా వేయించి, అడుగు పలక మీద నిలబడి మళ్ళీ లేపిస్తారు. "వాడు నాతో మాట్లాడేది ఆ ఒక్క మాటే, మామా. అవ్వకు చెప్పు" అన్నది మా పిల్ల.

పందెం నాడు ఒడ్డున దుర్భిణీ పట్టుకుని కూర్చున్నాను. ఈ ఆటలో మొదట వచ్చినవానికి ఒక మార్కు, పదోవానికి పది. తక్కువ మార్కులవాడే గెలిచినట్టు. మా కాలేజీలో ఇది అమలైతే చాలామంది స్వర్ణపతకాలు పుచ్చుకుందురు. మావాళ్ళు నాలుగో స్థానంలో మొదటి గుర్తు తిరిగారు. తిరిగారో లేదో, పడవ వున్నచోటనే తోక పట్టుకోబోయే కుక్కలాగా గిర్రున ఒక చుట్టు చుట్టింది. ఈలోగా మూడు పడవలు దాటిపోయాయి. వీళ్ళకు దారి తప్పిందేమోననుకున్నాను.

అసలు సంగతి రాత్రి తెలిసింది. తీగ మీది నుంచి లోపలికి వస్తూండగా దాని మోచెయ్యి నీటిలో తేలే ఆ గుర్తుకు తగిలింది. మనిషికి తగిలినా పడవకు తగిలినట్టే. ఎవరూ విజిల్ వేయరు. తగిలినవారే పక్కకు తప్పుకుని ఒక చుట్టు తిరగాలి. అంపైరు చూడలేదు, వెనకవాళ్ళు చూడలేదు, చుక్కాని దగ్గర వాడూ చూడలేదు.

"చెప్పకపోతే?" అన్నాను. లెక్చరరును గదా, కాపీ సంగతులు తెలిసినవాణ్ణి.

"చెప్పాను. వాడు నా మొహం చూశాడు. చుక్కాని తిప్పేశాడు. ఆ తరువాత 'రెడీ' తప్ప మాట లేదు" అన్నది. కళ్ళలో నీళ్ళున్నాయి. వాడు వేరే జోడీ వెతుక్కుంటాడని దాని భయం.

అది వట్టి భయం కాదు. ఇద్దరి పడవలో జోడీలు చెదరడం మామూలే. 1982 ఏషియన్ క్రీడలలో ఫరోఖ్ తారాపోర్ జరీర్ కరంజియాతో బంగారు పతకం గెలిచాడు. 1984, 1988, 1992 ఒలింపిక్సులకు మూడుసార్లూ ముగ్గురు వేరువేరు జతగాళ్ళతో వెళ్ళాడు. గణపతి, వరుణ్ ఠక్కర్ మాత్రం 2018 ఏషియన్ క్రీడలలో కలిసే కంచు పతకం తెచ్చి, 2021లో టోకియోకూ కలిసే వెళ్ళారు. ఈ రెండో రకాన్ని చూస్తే నాకు ముచ్చట. బరువూ ఎత్తూ చూసి జోడీ కడతారట. మోచేతి సంగతి ఏ తక్కెడలో తూస్తారు?

మర్నాడు పొద్దున నేనూ గట్టుకు వెళ్ళాను. ఆ కుర్రవాడు అప్పటికే వచ్చి పడవ కడుగుతున్నాడు. తండ్రి ఆటో నడుపుతాడట. నాకు నమస్కారం పెట్టి, మా పిల్ల చేతికి తాడు అందిస్తూ, "నిన్న ఆ గుర్తుకు మరీ దగ్గరగా పట్టుకుపోయింది నేనే. ఇవాళ కొంచెం ఎడంగా పోదాం" అన్నాడు. మా పిల్ల తాడు ముడి విప్పుతూ తల వూపింది.

ఆ రోజు అయిదో స్థానం వచ్చింది. సాయంత్రం మా అమ్మకు ఫోను చేసి జరిగినదంతా చెప్పాను. ఎన్నో స్థానమని అడగలేదు.

"చుట్టు తిరగమంటే ఆ పిల్లోడు కసురుకోలేదు కదా?"

"లేదమ్మా."

కొంచెంసేపు మాట లేదు. ఫోనులో మా వూరి గాలి హోరు వినిపిస్తున్నది.

"అన్నం తిని పొమ్మను. ఇద్దరినీ" అన్నది.