చేపనూనెయు ఎముక క్యాన్సరును

బత్తలపల్లెకు సముద్రము బహుదూరము. చేపనూనె సీసాలు మాత్రము మా వీధికిని వచ్చుచున్నవి. ఎముక క్యాన్సరునకు ఈ నూనె చాలును, కాలు కోయింప నక్కఱలేదని అమ్మువాడు చెప్పెనట. నిజమా యని యొక తల్లి మమ్మడిగినది.

కాడ్‌చేప కాలేయపు నూనె రికెట్సును రానీయదని 1919లో మెలన్బీ పండితుడు కుక్కపిల్లలపై పరీక్షించి తెలిపెను. అందలి డి విటమిను ఎముకను గట్టిపఱచును. అంతమాత్రమున ఎముకలోని క్యాన్సరును మాన్పునా? గాజుపాత్రలో సముద్రపు నూనెలకు క్యాన్సరు కణములు చచ్చిన చావవచ్చును. ఉప్పు మిక్కుటమైనను చచ్చును! మనుష్యులకు ఈ వ్యాధి చేపనూనెతో నయమైనట్లు నిదర్శనము లేదు.

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలో సిద్ధపఱచిన మెథోట్రెక్సేటును 1970 దశకము నుండి ఈ వ్యాధికి పెద్ద మోతాదులలో ఇచ్చుచున్నారు. పిమ్మట సకాలమున విరుగుడును ఇయ్యవలెను గనుక అది ఆసుపత్రిలోనే జరుగవలసిన పని. శస్త్రచికిత్సయు తప్పదు, అయినను నేడు పెక్కుమందికి కాలు నిలిపి, చెడిన యెముకను తీసి లోహపుటెముక నమర్చుచున్నారు. ఆలస్యమైనకొలది ఆ యవకాశము సన్నగిల్లును.

ఎదుగు పిల్లలకు మోకాలి వాపు, రాత్రి నొప్పి వారములు గడచినను తగ్గనిచో ఎక్స్‌రే తీయింపుడు. కాలేయపు నూనె త్రాగించుచున్నచో వైద్యునికి చెప్పుడు. అందలి ఏ విటమిను మితిమీరిన విషమగును.