ఆమె చెబితే జ్ఞాపకం, ఆయన రాస్తే చరిత్ర

ఆ గ్రంథాలయం ఏ ఊళ్ళోదో చెప్పను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ఈ మూడు ఊళ్ళ మధ్య తిరుగుతూనే నా ఉద్యోగమంతా గడిచింది. మూడింట్లో ఏదో ఒకటి అనుకోండి. ఇరవై ఏళ్ళ కిందటి మాట. డిగ్రీ పిల్లలకి తెలంగాణ సాయుధ పోరాటం పాఠం చెబుతూ 'మనకు తెలియని మన చరిత్ర' చదివి రమ్మన్నాను. రెండ్రోజుల తర్వాత ఒకమ్మాయి వచ్చి "లైబ్రరీల లేదంట మేడం" అంది. ఉందని నాకు తెలుసు. ఆ సాయంత్రం నేనే వెళ్ళాను.

'చరిత్ర' అని చీటీ అంటించిన బీరువా అంతా వెతికాను. పుచ్చలపల్లి సుందరయ్య గారి పుస్తకం ఉంది. రావి నారాయణరెడ్డి గారి 'వీర తెలంగాణ' ఉంది. కాకతీయులున్నారు, నిజాములున్నారు. నేను వెతుకుతున్నది మాత్రం లేదు. అక్కడి ఉద్యోగిని అడిగితే ఆయన తల ఎత్తకుండానే "ఆడోళ్ళ బీరువాల ఉంటది సూడుండ్రి మేడం" అన్నాడు. నిజంగానే ఉంది. ఒక పక్క ముగ్గుల పుస్తకం, ఇంకో పక్క ఊరగాయల పుస్తకం. మధ్యలో తుపాకీ పట్టిన ఆడవాళ్ళు.

ఆయన్ని నేను తప్పు పట్టను. ఆ చీటీలు ఆయన రాయలేదు. పెద్ద గ్రంథాలయాల్లో కూడా జరిగేది ఇదే. డ్యూయీ పద్ధతిలో భారతదేశ చరిత్ర 954, స్త్రీలు 305.4. పోరాడిన మనిషి మగవాడైతే పుస్తకం ఒక గదిలోకి పోతుంది, ఆడదైతే ఇంకో గదిలోకి పోతుంది. నా గొడవంతా ఈ గదుల గురించే.

రావి నారాయణరెడ్డి గారి పుస్తకం అట్ట మీద 'నా అనుభవాలు, జ్ఞాపకాలు' అని ఆయనే రాసుకున్నారు. అయినా దాన్ని చరిత్ర బీరువాలో పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం లేదు, ఉండకూడదు కూడా. ఆ పోరాటంలో ఉన్న మనిషి, తనకి తెలిసింది చెప్పాడు, అది చరిత్రే. మరి అదే పోరాటంలో ఉన్న ఆడవాళ్ళు తమకి తెలిసింది చెప్పి, 1986లో స్త్రీశక్తి సంఘటన దాన్ని పుస్తకంగా వేస్తే అది ఎందుకు 'జ్ఞాపకాలు' అయింది? ఆధారాలు కావాలని, మౌఖిక కథనాల్ని పూర్తిగా నమ్మలేమని సెమినార్లలో మనకి పాఠాలు చెబుతారు. మగ నాయకుడి జ్ఞాపకానికి మాత్రం ఆధారం అక్కర్లేదు. ఆయనే ఆధారం!

ఆ పుస్తకంలో ఆడవాళ్ళు మాట్లాడింది త్యాగాల గురించి మాత్రమే కాదు. అడవిలో బిడ్డని కంటే ఆ బిడ్డ ఏమైంది, దళంలో ఎవరు ఏ పని చేశారు, 1951 అక్టోబరులో పోరాటం విరమించాక పార్టీ తమని ఏమని ఇంటికి పంపింది... ఇవి కుటుంబ ముచ్చట్లా? ఒక పార్టీ నిర్మాణం గురించి, ఒక ఉద్యమం తెచ్చిన మార్పుకి ఉన్న హద్దుల గురించి అడగాల్సిన అసలు ప్రశ్నలు. ఈ ప్రశ్నలు లేని పోరాట చరిత్ర సగం చరిత్ర. కానీ సగం చరిత్రని 'చరిత్ర' అంటున్నాం, మిగతా సగానికి 'మహిళలు' అని చీటీ అంటిస్తున్నాం.

సంవత్సరాలు లెక్కేయండి. పోరాటం ఆగిన 21 ఏళ్ళకి, 1972లో సుందరయ్య గారి పుస్తకం వచ్చింది. ఆడవాళ్ళ మాటలు పుస్తకంగా రావడానికి 35 ఏళ్ళు పట్టింది. సూర్యాపేట దగ్గరి కరివిరాల కొత్తగూడెంలో 1931లో పుట్టి, ఇంకా పెళ్ళీడైనా రాకుండానే దళాల్లో తిరిగి, తర్వాత తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే అయిన మల్లు స్వరాజ్యం గారి ఆత్మకథ 'నా మాటే తుపాకి తూటా' రావడానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే 68 ఏళ్ళు. 2022 మార్చిలో ఆవిడ పోయారు. ఇంకో మూడేళ్ళు ఆలస్యమై ఉంటే ఆ పుస్తకం ఉండేది కాదు. అలా పుస్తకం కాకుండానే పోయిన వాళ్ళు ఎంతమందో!

ఇంతవరకూ తప్పు వాళ్ళది అన్నాను. ఇక మన సంగతి చూద్దాం.

సూర్యాపేట నుంచి కోదాడ బస్సెక్కితే మధ్యలో మునగాల వస్తుంది. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో కృష్ణా జిల్లాకి చెందిన పరగణా. కొమర్రాజు లక్ష్మణరావు గారు అక్కడే దివానుగా పనిచేశారు. తెలుగులో చరిత్ర, విజ్ఞానశాస్త్రం పుస్తకాలు రావాలని 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టిన మనిషి. తెలుగులో శాస్త్ర వాఙ్మయం ఎక్కడ మొదలైందని అడిగితే ఎవరైనా ఆయన పేరే చెబుతారు. మంచిదే. కానీ మండలి పుట్టడానికి ఐదేళ్ళ ముందే, 1901లో, ఆయన అక్క భండారు అచ్చమాంబ 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అనే చరిత్ర గ్రంథం అచ్చువేసింది. పదేళ్ళ వయసులో పెళ్ళయిన పిల్ల. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని చదువు నేర్చుకుంది. మరాఠీ, హిందీ పుస్తకాలు తిరగేసి, ఎక్కడెక్కడి ఆడవాళ్ళ జీవితాలో ఏరి తెచ్చింది. మొదటి భాగంలో చారిత్రక స్త్రీలు, రెండో భాగంలో వేద పురాణాల స్త్రీలు, మూడో భాగంలో విదేశీ స్త్రీలు అని ప్రణాళిక వేసుకుంది. ముప్ఫయ్యేళ్ళ వయసులో చనిపోయింది. ప్రణాళిక పూర్తి కాలేదు.

ఇంతటి చరిత్రకారిణిని మనం ఏమని గుర్తు పెట్టుకున్నాం? 'తొలి తెలుగు కథకురాలు' అని. గురజాడ 'దిద్దుబాటు' 1910, అచ్చమాంబ 'ధన త్రయోదశి' 1902, కాబట్టి ఆమే ముందు అని సభల్లో వాదించాం. నేనూ వాదించాను. ఆ వాదన తప్పు కాదు, అవసరమే. కానీ గమనించారా, మనం గెలుచుకోవాలనుకున్నది కథ బీరువాలో ఒక స్థానం. ఆమె ఏళ్ళ తరబడి కష్టపడి రాసింది చరిత్ర. ఆ బీరువా దగ్గరికి మనం వెళ్ళనే లేదు. లక్ష్మణరావు పేరు చెప్పే చోట అక్క పేరు కూడా చెప్పమని అడగలేదు. చరిత్ర తమ్ముడికి, కథ అక్కకి అని ఆస్తి పంపకం చేసింది పితృస్వామ్యమే, కానీ సంతకం మనం పెట్టాం.

ఆ మొదటి భాగంలో ఖనా జీవితం కూడా ఉంది. జ్యోతిశ్శాస్త్రం తెలిసిన ఆడది. ఆమె పాండిత్యానికి ఓర్వలేక నాలుక కోసేశారని బెంగాలు జనంలో ఒక కథ. ఇప్పుడు నాలుకలు కొయ్యనక్కర్లేదు. పుస్తకం ఏ బీరువాలో పెట్టాలో తెలిస్తే చాలు.

అదే ఇంట్లో ఇంకో అచ్చమాంబ ఉంది. లక్ష్మణరావు గారి కూతురు, మేనత్త పేరే పెట్టుకున్న అమ్మాయి. డాక్టరైంది, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకి వెళ్ళింది, 'ప్రసూతి - శిశుపోషణ' అని ఆడవాళ్ళకి అర్థమయ్యే తెలుగులో వైద్యం పుస్తకం రాసింది. మేనత్త చరిత్ర రాస్తే మేనకోడలు సైన్సు రాసింది. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1991లో తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' కూడా ఆ దారిలోదే. మన ఒంటి గురించి మనకి డాక్టర్లు చెప్పని సంగతులన్నీ చెప్పిన పుస్తకం. దాన్ని నేను విజ్ఞానశాస్త్రం బీరువాలో ఎప్పుడూ చూడలేదు. గర్భసంచి విజ్ఞానం కాదు కాబోలు!

మతం సంగతి ఇంకా చిత్రం. రంగనాయకమ్మ గారు 1974 నుంచి 'రామాయణ విషవృక్షం' మూడు సంపుటాలు రాశారు. బి. విజయభారతి గారు పురాణాలకీ కులవ్యవస్థకీ ఉన్న సంబంధాన్ని పుస్తకాల వరుసగా తేల్చి చెప్పారు. ఇద్దరితోనూ మనం విభేదించవచ్చు. కానీ విభేదించాలన్నా ముందు చదవాలి కదా! సభల్లో ఒకరిని 'ప్రముఖ నవలా రచయిత్రి' అని పరిచయం చేస్తారు, ఇంకొకరిని ఎవరి భార్యో చెప్పి పరిచయం చేస్తారు. వాళ్ళు పురాణాల మీద వేసిన ప్రశ్నలకి జవాబు చెప్పే పని తప్పిపోతుంది.

ఇక సినిమాలు, టీవీలు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, ఆసుపత్రి నుంచి గర్భవతి అయిన భార్యతో కలిసి బయటికొస్తున్న ప్రణయ్ అనే దళిత యువకుణ్ణి పట్టపగలు నరికి చంపారు. డబ్బిచ్చి చేయించింది అమ్మాయి తండ్రి అని కేసు. ఆ తండ్రి 2020 మార్చిలో చనిపోయాడు. ఆ జూన్‌లో, సరిగ్గా ఫాదర్స్ డే నాడు, ఈ కథతో సినిమా ప్రకటించారు. పేరు 'మర్డర్'. పక్కన 'కుటుంబ కథా చిత్రమ్' అని ఇంకో మాట! 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ హత్యని మన వీధుల్లో జనం ఏ మాటల్లో చెప్పుకుంటున్నారో విన్నారా? 'కూతురి మీద ప్రేమ', 'కన్నకడుపు'. ఆ మాటలు సినిమాల్లోంచి, చర్చల కార్యక్రమాల్లోంచి వచ్చినవి. 1967లో సాగర్ కాలువలకి నీళ్ళొదిలాక ఇక్కడ పొలాల ధరలు ఎలా పెరిగాయి, మిల్లులు ఎలా లేచాయి, ఆ డబ్బుతో కట్నాలు ఎంతయ్యాయి, కూతురు ఎప్పుడు తండ్రి పరువుకి పెట్టుబడి అయింది అని వరుసగా చెప్పే పుస్తకం మిర్యాలగూడ ఆడపిల్ల చేతిలో ఉండాలి. మనం ఆ హత్య మీద కవితలు రాశాం. మంచి కవితలే, నేనూ చదివి ఏడ్చాను. కానీ అవతలి వాళ్ళు అబద్ధాన్ని వాస్తవంలా చెబుతుంటే, మనం వాస్తవాన్ని కవితలో మాత్రమే చెప్పి ఊరుకుంటే సరిపోతుందా?

"ప్రత్యేక బీరువా కావాలని పోరాడింది మనమే కదా" అని ఒక మిత్రురాలు అడిగింది. నిజమే. అసలు కనబడని రోజుల్లో ఒక చోట కనబడడం అవసరమైంది. దాన్ని తీసేయమని నేను అనడం లేదు. రెండు ప్రతులు కొనమంటున్నాను. ఒకటి అక్కడ, ఒకటి చరిత్రలో. డబ్బుల్లేవంటారా? మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ రూపాయిలో ఆడవాళ్ళ కష్టం కూడా ఉంది. 2016లో కొత్త జిల్లా అయ్యాక సూర్యాపేట, కోదాడ ఒక జిల్లా గ్రంథాలయ సంస్థ కిందికి, మిర్యాలగూడ నల్గొండ సంస్థ కిందికి వచ్చాయి. రెండు చోట్లా మన డబ్బే. కొనే పుస్తకాల జాబితా చూపించమని అడిగే హక్కు మనకుంది. ఎంతమందిమి అడిగాం?

"కథ అయితే అందరూ చదువుతారు, వ్యాసం ఎవరు చదువుతారు" అని ఇంకో మాట. 'సవాలక్ష సందేహాలు' ఊళ్ళలో ఆడవాళ్ళు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చదవడం నేను చూశాను. చదవరన్నది మనం రాయకపోవడానికి చెప్పుకునే సాకు. స్త్రీవాద పత్రికలే తిరగేయండి. కవితలెన్ని, కథలెన్ని, ఒక చరిత్ర పుస్తకాన్ని పేజీ పేజీ పట్టుకుని సమీక్షించినవి ఎన్ని? విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనం థీసిసులు ఇంగ్లీషులో రాస్తాం, తెలుగులో కథ రాస్తాం. జ్ఞానం ఇంగ్లీషుకి, గుండె తెలుగుకి! అచ్చమాంబ 1901లో చేసిన పని ఇది కాదు.

మొదట చెప్పిన అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. పుస్తకం నేనే తెచ్చిచ్చాను. చదివి వచ్చి, "మా నాయనమ్మ గూడ దళమోళ్ళకు రాత్రిళ్ళు గట్క వండి పెట్టిందంట మేడం. అది గూడ చరిత్రేనా?" అంది. అడిగి రాసుకు రమ్మన్నాను. నాలుగు పేజీలు రాసింది. ఏ ఊరు, ఎవరి ఇల్లు, ఎన్ని మైళ్ళు నడిచింది, పోలీసులు వచ్చినప్పుడు గింజలు ఎక్కడ దాచింది, అన్నీ ఉన్నాయి. నేను తరగతిలో చెప్పే పాఠంలో అంత వివరం లేదు. ఆ ఏడాది కాలేజీ పత్రికకి ఇచ్చాం. అచ్చయింది. 'కథలు' అనే శీర్షిక కింద.

ఆ రోజు నేను గట్టిగా అభ్యంతరం చెప్పలేదు. అచ్చయిందిలే, అదే చాలనుకున్నాను. అది నా తప్పు. ఈ మధ్య ఆ గ్రంథాలయానికి మళ్ళీ వెళ్ళాను. పుస్తకం ఇంకా ఆ బీరువాలోనే ఉంది, ఇప్పుడు పక్కన స్వరాజ్యం గారి ఆత్మకథ చేరింది. రెండూ చరిత్రలో పెట్టమని కాగితం రాసిచ్చి, రసీదు తీసుకుని వచ్చాను. మీ ఊళ్ళో మీరూ వెళ్ళండి. వెళ్ళేముందు మీ నాయనమ్మ చెప్పింది కూడా రాయండి. రాసి, పైన 'చరిత్ర' అని మీ చేత్తోనే పెట్టండి.