ఆ ఆశ్చర్యార్థకం పెట్టేముందు...

స్విఫ్ట్‌లో యాప్‌లు రాయడం కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోడ్ చూడండి, ఎక్కడ పడితే అక్కడ ఆశ్చర్యార్థకాలే! అంత ఆశ్చర్యం దేనికో అనుకునేరు. ఆప్షనల్ విలువ దగ్గర కంపైలర్ మొరాయిస్తే ఎక్స్‌కోడ్ చూపించే సవరణల్లో ఈ "!" ఒకటి. నొక్కగానే ఎర్రర్ పోతుంది, పనైపోయిందనుకుంటాం. కానీ దానర్థం "ఇందులో విలువ ఉంది, నాదీ పూచీ" అని. తీరా లేకపోతే యాప్ అక్కడికక్కడే కూలిపోతుంది. అదీ మన ముందు కాదు, వాడేవాళ్ళ చేతిలో.

1965లో నల్ రిఫరెన్స్‌ని ఆల్గోల్ డబ్ల్యూలో పెట్టిన టోనీ హోర్, 2009లో అది తన బిలియన్ డాలర్ల పొరపాటని తానే ఒప్పుకున్నారు. 2014లో వచ్చిన స్విఫ్ట్ "ఇక్కడ విలువ లేకపోవచ్చు" అన్న ముక్కని టైపులోనే రాయమంటుంది. అంటే కంపైలర్ మనల్ని సతాయించట్లేదు, "లేకపోతే ఏం చేస్తావ్?" అని అడుగుతోందన్నమాట.

అలాగని ప్రతి పారామీటరుకీ "?" తగిలించడం కూడా మందు కాదు. అప్పుడు లోపలున్న ప్రతి ఫంక్షనూ మళ్ళీ అదే ప్రశ్న వేసుకోవాలి. నా మటుకు నాకు ఆ సంగతి గుమ్మం దగ్గరే తేలిపోవాలి. సర్వర్ నుంచో, ఫారం నుంచో డేటా రాగానే గార్డ్ లెట్‌తో చూసుకుని, లోపలికి గట్టి విలువలే పంపాలి.

డిఫాల్ట్ విలువ సంగతి వేరు. "ఎన్ని వరుసలో నువ్వు చెప్పకపోతే 20 అనుకుంటా" అనేది డిఫాల్ట్. "లేదు అన్నది కూడా జవాబే" అనేది ఆప్షనల్. ఈ రెండిటినీ కలిపేసి "??" పక్కన ఖాళీ స్ట్రింగ్ పెట్టేస్తే యాప్ కూలదు గానీ, అబద్ధం చెబుతుంది.

ఆ అబద్ధం ఎలా ఉంటుందో మనవాళ్ళలో చాలామందికి తెలుసు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో సొంత పేరు ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు చోట "ఎఫ్ఎన్‌యూ" అని పడుతుంది. పేరు తెలియదు అని! పేరు ఉంది, లేనిది ఇంటిపేరు. కానీ ఆ "లేదు"ని ఉన్నదున్నట్టు రాసుకునే చోటు ఆ ఫారంలో లేదు.

అందుకే కొత్తవాళ్ళకి సింటాక్స్ కన్నా ముందు ఆ ప్రశ్న నేర్పాలంటాను. లేకపోతే ఏం చేయాలన్నది కంపైలర్ చెప్పలేదు, ఎక్స్‌కోడ్ చెప్పలేదు. అది రాసేవాడే తేల్చుకోవాలి.