పంపదగినది, స్వీకరింపదగినది

కంప్యూటరు మెమరీలోని ఆబ్జెక్టును అక్షరాల వరుసగా మార్చి పంపడం సీరియలైజేషన్. ఆ వరుస నుండి తిరిగి ఆబ్జెక్టును నిర్మించడం డీసీరియలైజేషన్. ఒక విద్యార్థి వివరాలనే తీసుకుందాం. పాస్‌వర్డు లోనికి రావలసినదే గాని బయటికి పోరాదు. మార్కులు బయటికి కనిపించవలసినవే గాని విద్యార్థి పంపినవి లోనికి రారాదు. కనుక రెండు దిశలకూ ఒకే నియమం చాలదు.

దాచవలసిన వాటి జాబితా వ్రాసుకోవడం చాలునని కొందరి అభిప్రాయం. అది ప్రమాదకరం. రేపు చేర్చిన కొత్త అంశాన్ని ఆ జాబితాలో వ్రాయ మరచితే అది తనంత తానే బయటపడుతుంది. అనుమతించిన వాటి జాబితాయే వ్రాసుకుంటే, మరచినది లోపలనే భద్రంగా ఉంటుంది.

2012 మార్చిలో గిట్‌హబ్ సర్వరు, ఫారంతోపాటు అదనంగా వచ్చిన యూజర్ సంఖ్యను విచారించక ఆబ్జెక్టులో నింపుకొన్నది. తత్ఫలితంగా ఒక బయటి వ్యక్తికి రైల్స్ ప్రాజెక్టులో మార్పులు చేసే అధికారం చిక్కింది. 2013లో వెలువడిన రైల్స్ 4 అనుమతి జాబితానే నియమంగా స్వీకరించింది.

ప్రతి అంశాన్నీ పేరుపేరునా వ్రాయడం శ్రమయే. కాని ఒకసారి వెల్లడైన రహస్యాన్ని ఏ శ్రమా వెనుకకు తేలేదు. విద్యార్థులు తొలి ప్రోగ్రాము నుండే ఈ అలవాటును అలవరచుకోవాలి.